బొచ్చు లేని పిల్లి, జిడ్డున్న పిల్లి

యాంకర్: నమస్తే అండీ. ఇవాళ స్ఫింక్స్ పిల్లి గురించి. డాక్టర్ గారూ, బొచ్చు లేదు, ఇల్లంతా వెంట్రుకలు రాలవు, పని తక్కువ అనుకుని తెచ్చుకునేవాళ్లున్నారు.

డాక్టర్: వెంట్రుకలు రాలవు, నిజమే. వాటి బదులు దుప్పటి మీద గోధుమరంగు మరకలు పడతాయి. మామూలు పిల్లి ఒంట్లో ఊరే నూనెని బొచ్చు పీల్చుకుంటుంది. దీనికి బొచ్చు లేదు గానీ నూనె గ్రంథులు మాత్రం ఉన్నాయి. ఆ జిడ్డు చర్మం మీదే నిలిచి, దుమ్ము పట్టి, మడతల్లో పేరుకుంటుంది. 1966లో కెనడాలోని టొరంటోలో ఇలాంటి పిల్లి పుట్టింది. జన్యువులో సహజంగా వచ్చిన మార్పు, అంతే. చాలా వాటికి ఒంటి మీద సన్నటి నూగు ఉంటుంది, నిమిరితే తెలుస్తుంది.

యాంకర్: ఎలర్జీ ఉన్నవాళ్లకు ఇబ్బంది ఉండదట కదా?

డాక్టర్: అది నమ్మి కొనొద్దమ్మా. ఎలర్జీ తెచ్చే ఫెల్ డి 1 అనే ప్రొటీన్ ఉమ్మిలో, ఆ జిడ్డులో కూడా ఉంటుంది. ఈ పిల్లి ఉన్న ఇంటికి రెండు మూడు సార్లు వెళ్లి, గంటల తరబడి కూర్చుని చూశాకే నిర్ణయించుకోవాలి.

యాంకర్: సరే, స్నానం సంగతి చెప్పండి. పసిపిల్లలకు పెట్టినట్టు నలుగు పెట్టొచ్చా?

డాక్టర్: (నవ్వుతూ) నలుగూ వద్దు, కొబ్బరినూనే వద్దు. పిండి మడతల్లో ఇరుక్కుని గీరుతుంది. నూనె మీద నూనె రాస్తే మలసీజియా అనే ఈస్ట్‌కి విందు పెట్టినట్టే. వారానికో, పది రోజులకో ఒకసారి స్నానం చాలు. రోజూ చేయిస్తే చర్మం ఎండి పొట్టు లేస్తుంది. నీళ్లు 37, 38 డిగ్రీలు, అంటే మోచేతికి గోరువెచ్చగా తగలాలి. టబ్బులో జారకుండా అడుగున తువ్వాలు పరిచి, కాళ్లు మునిగేంత నీళ్లు పోయండి. పిల్లుల షాంపూ ఒక చెంచాడు మగ్గు నీళ్లలో కలిపి మెత్తటి గుడ్డతో రుద్దండి. మెడ కింద, చంకల్లో, తోక మొదట్లో మడత విప్పి మరీ కడగాలి. షాంపూ మిగిలితే నాక్కుంటుంది, దురద కూడా పుడుతుంది. అందుకని రెండుసార్లు కడిగి, వెంటనే తుడవండి. తడి ఆరకముందే ఏసీ గదిలోకి వదలకూడదు.

యాంకర్: గోళ్లు, చెవులు?

డాక్టర్: అసలు మురికి అక్కడే. వేలిని మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది, దాని మొదట్లో నల్లటి జిడ్డు కనిపిస్తుంది. తడి గాజుగుడ్డతో తుడవండి. చెవిలో క్లీనర్ చుక్కలు వేసి, చెవి మొదలు 20 సెకన్లు నలిపి, తల విదిలించనివ్వండి. పైకొచ్చిందే తుడవాలి, ఇయర్ బడ్ లోపలికి దూర్చకూడదు. మైనంలా గోధుమరంగులో ఉంటే మామూలే. కాఫీ పొడిలా రాలుతూ పిల్లి గోక్కుంటుంటే పురుగు కావచ్చు.

యాంకర్: చలికి స్వెట్టర్ వేస్తుంటారు కదండీ?

డాక్టర్: వేయొచ్చు, కానీ రోజూ ఉతకాలి. జిడ్డు పట్టిన స్వెట్టర్ కిందే మొటిమలు లేస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం బాల్కనీలోకి వదిలితే చర్మం కమిలిపోతుంది. మనం రాసుకునే సన్‌స్క్రీన్ మాత్రం వద్దు, అందులోని జింక్ ఆక్సైడ్ నాకితే విషం. మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ఫినాయిల్. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, అందులోని ఫినాల్‌ని పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. కుక్కలకు పిడుదులు పోవడానికి వేసే పెర్మెత్రిన్ చుక్కలు పొరపాటున కూడా వేయకండి.

యాంకర్: ఇవన్నీ పైపైవి. లోపల?

డాక్టర్: గుండె. ఈ జాతిలో హెచ్‌సీఎం, అంటే గుండె కండరం దళసరెక్కే జబ్బు, ఎక్కువగా చూస్తాం. స్టెతస్కోప్‌తో ఏమీ వినపడకపోయినా జబ్బు ఉండొచ్చు. ఏడాది వయసులో ఎకో, అంటే గుండె స్కాన్, తీయించి, ఆ తర్వాత ఏటా చూపించాలి. ఆపరేషన్‌కి ముందు తప్పనిసరి. మత్తులో ఇచ్చే సెలైన్ కూడా అలాంటి గుండెకు భారమే. ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు, గురగుర లేనప్పుడు, డొక్క లేచి పడటం ఒకటిగా 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. నిమిషానికి 30 దాటుతూ ఉంటే ఆగకూడదు, చూపించాలి.

యాంకర్: ఉన్నట్టుండి వెనక కాళ్లు పడిపోతాయని కూడా విన్నాం.

డాక్టర్: గుండెలో కట్టిన రక్తపు గడ్డ జారి, కాళ్లకు వెళ్లే ధమనిలో ఇరుక్కుంటుంది. పాదాలు చల్లబడతాయి, గోళ్ల మొదలు నీలిగా మారుతుంది, పిల్లి గట్టిగా అరుస్తుంది. దెబ్బ తగిలిందనుకుని కాళ్లు మర్దన చేయొద్దు. నొప్పికని పారాసెటమాల్ అసలొద్దు, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. నిమిషాలు ముఖ్యం. మీ ఊళ్లో రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో, అక్కడ ఎకో ఉందో లేదో పిల్లి ఇంటికి రాకముందే కనుక్కుని ఫోన్లో రాసి పెట్టుకోండి.