కర్ర చప్పుడు వింటే గుడ్డెలుగు తనంతట తానే పక్కకు పోతుంది!

తిరుమల నడకదారిలో కర్రలిస్తే నవ్వినోళ్ళంతా ఈ వీడియో చివరిదాకా చూడండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఓ చిన్నపాపను చంపేసింది. టీటీడీ భక్తులకు కర్రలు పంచింది. ఇక సోషల్ మీడియాలో ఒకటే ట్రోలింగ్! అన్నా, చిరుత సంగతి పక్కన పెట్టండి. గుడ్డెలుగు తిరిగే కొండలో మాత్రం ఆ కర్రను మించింది లేదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్తా.

కొట్టడానికి అనుకునేరు! ఎలుగును కర్రతో కొట్టబోతే ప్రాణాలకే ముప్పు. కర్ర చప్పుడు కోసం. బండల మీద టక్కు టక్కుమని కొట్టుకుంటూ నడవాలి, అంతే.

మన నెల్లూరు జిల్లా ఉదయగిరి, సీతారామపురం వైపు వెలిగొండల్లోకి మేకలు తోలుకుపోయే వాళ్ళని గమనించండి. నోరు ఊరుకోదు. మేకల్ని అదిలిస్తారు, దగ్గుతారు, ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీదోడిని పిలుస్తారు. మలుపు వచ్చిందంటే పొద మీద కర్రతో ఒక్కటి వేస్తారు. మనమో? చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, పెంచలకోన జలపాతం చూద్దామని పిల్లిలా అడవిలోకి దూరతాం. అది పెనుశిల నరసింహ అభయారణ్యం అన్నా, పార్కు కాదు!

చప్పుడు ఎందుకంటే, ఎలుగుకి చూపు అంతంతమాత్రం. వాసన మాత్రం అద్భుతంగా పడుతుంది. ఇక పుట్ట దగ్గర దాని పని చూడాలి, భలే ఉంటుంది! పొడుగాటి గోళ్ళతో పుట్టను తవ్వుతుంది. మూతి లోపల పెట్టి, ముందు ఫూ అని ఊది మట్టి చెదరగొడుతుంది. తర్వాత ముక్కు రంధ్రాలు మూసేసుకుని చెదల్ని జుర్రుమని పీలుస్తుంది. పైదవడలో ముందు రెండు పళ్ళుండవు, ఆ సందులోంచే లాగుతుంది. ఆ జుర్రుడు చాలా దూరం వినిపిస్తుంది. మరి అంత మోతలో దానికి మన అడుగు ఎలా వినపడుతుంది? తలెత్తేసరికి మనం పది అడుగుల్లో ఉంటాం. వీపు మీద పిల్లలున్న తల్లయితే ఇంక చెప్పక్కర్లేదు.

అప్పుడది పారిపోదు. పెద్దపులి తిరిగే అడవుల్లో పుట్టి పెరిగిన జాతి. పరుగులో పులిని మించలేదు, చెట్టెక్కినా చిరుత వదలదు. అందుకే ఎదురుతిరుగుతుంది. కరుస్తుంది, గోళ్ళతో ముఖం చీరేస్తుంది. మనిషిని తినడానికి మాత్రం కాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, రేగు, నేరేడు, ఈతపండ్లు. ముందే టక్కుమని వినపడితే తన దారిన తను పోయేది కదా!

ఎలుగు ఊళ్ళోకొస్తే మనం చేసేది చూడండి. వందమంది గుమిగూడతారు, చేతిలో ఫోన్లు, కేకలు, రాళ్ళు. చప్పుడు చేయమంటే ఇది కాదు! మన చప్పుడు ముందే వినపడాలి, దానికి పోయే దారి ఉండాలి. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా కిడిసింగిలో చూశాం. ఒక మనిషి పోయాడు, చాలామందికి గాయాలయ్యాయి. చివరికి మత్తిచ్చి పట్టుకున్నాక ఎలుగూ చచ్చిపోయింది. ఆ రోజంతా టీవీల్లో లైవ్! నాకు ఒళ్ళు మండింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పెద్దపులికి ఎంత రక్షణో దీనికీ అంతే, అయినా దాని చావు ఎవడికి పట్టింది?

అందుకే నేను అడుగుతున్నా: పెంచలకోనలో, ఉదయగిరి దుర్గం మెట్ల దగ్గర చేతికర్రలు పెట్టండి. పోయేటప్పుడు తీసుకుని, వచ్చేటప్పుడు ఇచ్చేస్తారు. బోనుకి, మత్తుమందుకి అయ్యే ఖర్చులో ఇదెంత?

రాపూరు, సీతారామపురం, వింజమూరు వాళ్ళు ఎవరైనా ఉంటే, కొండకు పోయేటప్పుడు మీ పెద్దోళ్ళు ఏం చప్పుడు చేస్తారో కామెంట్లో రాయండి. వీలైతే ఆ కూత రికార్డు చేసి పంపండి, వచ్చే వీడియోలో వినిపిస్తా.