రెల్లు పూత దగ్గరికి వెళ్తే

నమస్కారం. ఆశ్వయుజ మాసం సగం గడిచి, గోదావరిలో వరద నీటి ఎర్రదనం తగ్గి, నీరు తేటపడే రోజుల్లో కొవ్వూరు వైపు గట్టు దిగువన, నది మధ్యనున్న లంకల అంచుల్లో రెల్లు పూస్తుంది. రాజమహేంద్రవరం వంతెన మీదుగా రైల్లో వెళ్ళేవారిలో చాలామంది ఆ పూతను కిటికీలోంచి ఫోన్‌తో తీసే ఉంటారు. ఆ ఫొటోలు బాగానే ఉంటాయి, కానీ వాటిలో తెల్లటి మబ్బు నేలకు దిగినట్లు ఒక రంగు కనిపిస్తుందే తప్ప, గడ్డి కనిపించదు. ఆ తెలుపులోంచి ఒక్క వెన్నును, అంటే ఒక పూతకంకిని, ఎంచుకుని, దానికి జానెడు దూరంలో కెమెరా పెట్టి ఫొటో తీయడం గురించి ఈ వీడియోలో వివరిస్తాను.

ముందుగా గడ్డి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఏ భాగం ఏమిటో తెలియకపోతే ఎక్కడ ఫోకస్ చేయాలో తెలియదు. రెల్లు చెరకుకు దగ్గరి చుట్టం. ఎంత దగ్గరంటే, 1912లో కోయంబత్తూరులో మొదలైన చెరకు పరిశోధన కేంద్రంలో చెరకును ఈ రెల్లుతోనే సంకరం చేసి, 1918లో కో 205 అనే రకాన్ని సాగులోకి తెచ్చారు. వరద తగ్గాక బయటపడిన కొత్త ఇసుక మేటల మీద మొదట వేరూనే మొక్కల్లో ఇదీ ఒకటి. భూమిలో పాకే కాండాలతో ఇసుకను పట్టి ఉంచుతుంది. కుమారస్వామి పుట్టిన శరవణం అంటే ఈ రెల్లు పొదే అని మన పెద్దలు చెబుతారు. పూరిళ్ళ కప్పులకు దీన్ని కోసి తెచ్చిన చేతులకు దీని ఆకు అంచు ఎంత పదునో బాగా తెలుసు. ఆ పదునుకు కారణం ఆకు అంచున రంపపు పళ్ళలా వరుసగా ఉండే, సిలికాతో గట్టిపడిన సన్నని నూగు. అందుకే నేను పొడవు చేతుల చొక్కా లేకుండా దుబ్బుల్లోకి వెళ్ళను.

ఇప్పుడు తెరపై ఉన్నది వెన్ను మధ్య భాగం. మనం తెల్లని పువ్వు అనుకునేది నిజానికి పువ్వు కాదు. గడ్డి పువ్వుకు రంగు రేకులు ఉండవు, గాలే పుప్పొడిని మోస్తుంది కాబట్టి తేనెటీగను పిలవవలసిన అవసరం దానికి లేదు. ఇక్కడ జంటలుగా అమరి ఉన్నవి చిరుకంకులు. ఒక్కొక్కటి దాదాపు 4 మిల్లీమీటర్ల పొడవు, అంటే వడ్లగింజలో సగం. ప్రతి జంటలో ఒకటి కాడకు అతుక్కుని ఉంటుంది, రెండోది చిన్న తొడిమ మీద నిలబడి ఉంటుంది. వాటి అడుగు నుంచి వలయంగా లేచిన పట్టులాంటి వెంట్రుకలు చిరుకంకి కన్నా రెండు మూడు రెట్లు పొడవుంటాయి. దూరానికి కనిపించే తెలుపంతా ఈ వెంట్రుకలదే. మరింత దగ్గరికి వెళితే ఆ వెంట్రుకకు కూడా తెలుపు రంగు లేదని, అది గాజుపోగులా పారదర్శకంగా ఉండి వెలుగును చెదరగొట్టడం వల్లనే తెల్లగా కనిపిస్తోందని అర్థమవుతుంది. ఈ ఫొటోలో కుడివైపు చిరుకంకి నోరు కొద్దిగా తెరిచింది. అందులోంచి సన్నని దారాల చివర వేలాడుతున్నవి పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు. పక్కకు చాచుకున్న ఊదా రంగు ఈకల జంట కీలాగ్రాలు. గాలిలో కొట్టుకొచ్చే పుప్పొడిని పట్టడానికే అవి ఈకల్లా చీలి ఉన్నాయి. రైలు కిటికీలోంచి తెల్లగా కనిపించిన మొక్కలో ఊదా రంగు ఉందని మొదటిసారి లెన్స్‌లో చూసినప్పుడు నేను నమ్మలేదు. ఏదో పురుగు వాలిందనుకుని ఊదాను కూడా.

ఇక ఫొటో సంగతి. చిన్న వస్తువులను బాగా దగ్గరగా తీసే సాధారణ మాక్రో లెన్స్ వస్తువును అసలు పరిమాణంలోనే సెన్సర్ మీద, అంటే కెమెరాలో వెలుగును పట్టే పలక మీద, చూపగలదు, అంటే 36 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద మన 4 మిల్లీమీటర్ల చిరుకంకి ఫ్రేము వెడల్పులో తొమ్మిదో వంతు తీసుకుంటుంది. లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని ఎపర్చర్ అంటారు, దాని ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఆ దగ్గరితనంలో ఎఫ్ 8 వద్ద స్పష్టంగా కనిపించే లోతు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. వెన్ను గుండ్రంగా ఉంటుంది, వెంట్రుకలు అన్ని దిక్కులకూ లేస్తాయి. కాబట్టి మొత్తం స్పష్టంగా రావాలనే కోరిక ఇక్కడ ఫలించదు. ఎపర్చర్‌ను ఎఫ్ 22కు తగ్గిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. అసలు పరిమాణంలో తీసేటప్పుడు లెన్స్ సెన్సర్‌కు దూరంగా జరుగుతుంది కాబట్టి ఆ ఎఫ్ 22 దాదాపు ఎఫ్ 44లా పనిచేస్తుంది. అప్పుడు వెలుగు ఆ చిన్న రంధ్రం అంచుల వద్ద వంగి వ్యాపించడం వల్ల ఫొటో అంతా ఒకే తీరున మెత్తబడుతుంది, మనకు కావలసిన వెంట్రుక కూడా అందులో కరిగిపోతుంది. అనేక ఫొటోలు తీసి కలిపే ఫోకస్ స్టాకింగ్ ఒక మార్గమే, కానీ అది కదలని వస్తువుకు పనికొస్తుంది. గోదావరి గట్టు మీద రెల్లు కదలకుండా ఉండటం నేను చాలా అరుదుగా చూశాను. నా మటుకు నేను ఎఫ్ 8 దగ్గరే ఉండి, ఏ మిల్లీమీటరు కావాలో ముందే నిర్ణయించుకుంటాను. తెరిచిన చిరుకంకి ఉంటే దాని కీలాగ్రం, లేకపోతే వెంట్రుకలు మొలిచే చోటు.

గాలి గురించి ఒక లెక్క చెబుతాను. వెన్ను సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో ఊగుతోందనుకుందాం, అది చాలా నెమ్మదైన ఊగుడు. షట్టర్‌ను సెకనులో 250వ వంతుకు పెట్టినా ఆ కాస్త సమయంలో అది 0.4 మిల్లీమీటరు జరుగుతుంది, అంటే చిరుకంకి పొడవులో పదో వంతు. దాన్ని షట్టర్ వేగంతో గెలవాలంటే ఐఎస్ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే తీరును, పెంచుకుంటూ పోవాలి, అప్పుడు వెంట్రుకల సన్నదనం గరుకులో పోతుంది. అంతకన్నా మేలైన ఉపాయం ఊగుడును గమనించడం. ఏ కాడైనా ఒక పక్కకు ఒరిగి తిరిగి వచ్చే ముందు ఒక్క క్షణం ఆగుతుంది, సరిగ్గా ఆ చివరనే బటన్ నొక్కాలి. దీనికి తోడు ఒక సన్నని వెదురు పుల్లను దుబ్బులో గుచ్చి, దండెం మీది బట్టల క్లిప్పుతో కాడను ఫ్రేముకు కిందుగా పట్టించి ఉంచుతాను. ఇందుకు ఖరీదైన క్లాంపులు దొరుకుతాయి కానీ, బట్టల క్లిప్పు ఇంతవరకూ నన్ను నిరాశపరచలేదు.

గాలి లేని వేళ తెల్లవారుజామే, అయితే అక్కడ మరో చిక్కు ఉంది. నిర్మలమైన ఆకాశమున్న రాత్రి గడ్డి తన వేడిని పైకి వదిలి చల్లబడి మంచును పట్టుకుంటుంది. తడిసిన వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని వెన్ను నూనె రాసిన పిలకలా వేలాడుతుంది. ఎండ తగిలి ఆ తడి ఆరేటప్పటికి గాలి మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య మనకు దొరికేది ఇరవై నిమిషాలో, అరగంటో. ఆ సమయంలో వెంట్రుకలు సగం విడిపోయి, వాటి కొనలకు ఇంకా సూదిమొనంత చుక్కలు ఉంటాయి. నేను ఇప్పుడు చూపిస్తున్న ఫొటోలలో పనికొచ్చినవన్నీ ఆ అరగంటలో తీసినవే. స్ప్రే బాటిల్‌తో నీళ్ళు చల్లి మంచు అని చూపించడం నాకు ఇష్టం లేదు. పెద్ద చుక్కల బరువుకు వంగిన వెంట్రుకను చూస్తే తెలిసినవారు ఇట్టే పట్టేస్తారు.

కొవ్వూరు గట్టును ఎంచుకోవడానికి కారణం వెలుగే. అది గోదావరికి పడమటి ఒడ్డు కాబట్టి సూర్యుడు నదికి అవతల, రాజమహేంద్రవరం వైపు ఉదయిస్తాడు, ఆ తొలి వెలుగు వెన్నుకు వెనుక నుంచి వస్తుంది. ఎదురు వెలుగులోనే వెంట్రుక వెలుగుతుంది. సూర్యుణ్ణి వీపున పెట్టుకుని తీస్తే అదే వెన్ను దూదిపింజలా చదునుగా వస్తుంది. సూర్యుడు ఫ్రేముకు కాస్త బయట ఉండేలా, వెన్ను వెనుక మెరిసే నీరు కాకుండా దుబ్బు ఆకుల నీడ ఉండేలా కిందికి వంగి కూర్చోవాలి. వెనుక చీకటి ఉన్నప్పుడు కెమెరా మొత్తాన్ని వెలుగు చేయాలని చూసి వెంట్రుకలను వివరం లేని తెలుపుగా మార్చేస్తుంది, అందువల్ల ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే వెలుగు సగమయ్యేలా, తగ్గించుకోండి. ఫోన్ వాడేవారికి కూడా ఎదురు వెలుగు మేలు చేస్తుంది, ఎందుకంటే రెండు మూడు అంగుళాల దగ్గరికి వెళ్ళినా ఫోన్ నీడ పూత మీద పడదు.

ఒక జాగ్రత్త మాత్రం నా తప్పు నుంచే చెబుతున్నాను. ఒక ఏడాది గట్టు మీదనే లెన్స్ మార్చాను. ఎగిరే వెంట్రుక ఒకటి లోపలికి వెళ్ళి సెన్సర్ మీద కూర్చుంది. ఎఫ్ 16 వద్ద తీసిన ప్రతి ఫొటోలోనూ ఆకాశంలో ఒక వంకర గీత వచ్చింది. పారదర్శకమైన ఆ వెంట్రుక అక్కడ నల్లగా కనిపించడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దుబ్బుల మధ్య కూర్చున్నప్పుడు పాదాల దగ్గరి గరికను కూడా చూడండి. ఆకు కొనన ఒంటరిగా నిలిచిన పెద్ద చుక్క మంచు కాదు. తడి నేలలో రాత్రంతా వేరు పైకి నెట్టిన నీరు ఆకు కొననున్న సన్నని రంధ్రం గుండా బయటికి వస్తుంది. దీన్ని వృక్షశాస్త్రంలో బిందుస్రావం అంటారు. మంచు అయితే ఆకు అంతటా పొడిలా పరుచుకుంటుంది. ఆ పెద్ద చుక్కలో వెనుకనున్న రెల్లు తలకిందులుగా కనిపిస్తుంది. అయితే ఫోకస్‌ను చుక్క అంచు మీద కాకుండా లోపలి బొమ్మ మీద పెట్టాలి, ఈ రెండింటి మధ్య తేడా కూడా మన ఒక్క మిల్లీమీటరుకు మించుతుంది.

చివరగా వరుసగా తీసిన మూడు ఫొటోలు. ముదిరిన వెన్నులో కాడ కణుపుల వద్ద తనంతట తానే విరిగి, చిరుకంకుల జంటలను ఒక్కొక్కటిగా వదిలేస్తుంది. మొదటి ఫొటోలో జంట కాడ మీద ఉంది. రెండోదానిలో వెంట్రుకలు విప్పుకుని ఫ్రేము అంచుకు చేరింది, ఫోకస్ తప్పింది. మూడోదానిలో విరిగిన కణుపు మాత్రమే ఉంది, దాని మీద ఫోకస్ సరిగ్గా కుదిరింది.