చక్రం మీద ఉన్నది మట్టి కాదు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి టిఫిన్లు కూడా కానివ్వకుండా సెల్లార్ ర్యాంప్ దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, థాంక్స్. "అల్లాయ్ వీల్స్ ఇంట్లోనే శుభ్రంగా కడుక్కోవడం గురించి కాస్త చెప్పండి" అని అసోసియేషన్ వాళ్ళు అడిగినప్పుడు, ఇందులో చెప్పడానికేముంది, నీళ్ళు కొట్టి గుడ్డతో తుడవడమేగా అనుకున్నాను. పండక్కి ఊళ్ళకెళ్ళి వచ్చిన మన కార్లన్నిటినీ నిన్న రాత్రి ఒక చుట్టు చూసొచ్చాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మాటలకన్నా ముందు ఒకటి చూపిస్తా, దగ్గరికి రండి. ఇది నా కారు, ముందు ఎడమ చక్రం, ఇంకా చుక్క నీరు తగల్లేదు. పాత పెయింటింగ్ బ్రష్‌తో ఈ స్పోకు మీద ఉన్న నల్లటి పొడిని కాగితం మీదికి దులుపుతున్నాను. కాటుకలా ఉంది కదా. ఇప్పుడు కాగితం కింద మా ఫ్రిజ్‌కి అంటించుకునే అయస్కాంతం పెట్టి మెల్లగా జరుపుతాను. చూశారా, పొడి దాని వెంటే నడుస్తోంది, చీమల బారులాగా. చిన్నప్పుడు ఇసకలో అయస్కాంతం తిప్పి ఇనప రజను ఏరుకున్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు. మనం ఇన్నాళ్ళూ మట్టి అనుకుని రుద్దుతున్నది ఇనుము.

ఎక్కణ్ణుంచి వస్తుందంటే, చక్రం వెనకే బ్రేక్ డిస్క్ ఉంది, అది పోత ఇనుము. బ్రేకు తొక్కితే ప్యాడ్లు దాన్ని రెండు వైపులా పట్టుకుంటాయి, చాలా ప్యాడ్లలో కూడా ఇనుము కలిసి ఉంటుంది. రెండూ ఒరుసుకుని కొంచెం కొంచెం అరుగుతాయి, అరగడమే వాటి ఉద్యోగం. ఆ పొడి వేడివేడిగా ఎగిరి పక్కనే ఉన్న చక్రం మీద పడుతుంది. విజయవాడ రోడ్డులో వంద మీద వస్తూ టోల్‌గేట్ ముందు ఆపామనుకోండి, టన్ను దాటిన బరువున్న బండి వేగం చాలావరకు ఆ డిస్కుల్లోనే వేడిగా మారాలి. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర కాలు బ్రేకు మీదనుంచి తీయకుండా ఎంతసేపు పాకామో మీకు చెప్పక్కర్లేదు. ఆ వేడి రవ్వలు రంగు పైపొరలో దిగబడతాయి, తర్వాత తడికి తుప్పు పడతాయి. మీ తెల్లటి అల్లాయ్ మీద ఎంత తుడిచినా పోని చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు ఉన్నాయే, అవే ఇవి. మీ అల్లాయ్ తుప్పు పట్టలేదు. దాని మీద పడ్డ ఇనుము తుప్పు పట్టింది.

ముందు చక్రాలే ఎందుకు ఎక్కువ నల్లబడతాయని మొన్న లిఫ్టులో ఒకరు అడిగారు. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకులదే. పైగా మన దగ్గర మామూలు కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులు, అరిగిన పొడి ఎక్కువగా డ్రమ్ లోపలే ఉండిపోతుంది. అలాంటి కారైతే వెనక చక్రాలకి షాంపూ నీళ్ళు చాలు, ముందువాటికే ఇనుముని దించే మందు కావాలి. కరెంటు కార్లవాళ్ళు ఇంకా అదృష్టవంతులు, యాక్సిలరేటర్ వదిలితే మోటారే చాలావరకు బండిని నెమ్మదింపజేస్తుంది, ప్యాడ్లకి అంత పని ఉండదు.

సరే, పని మొదలుపెడదాం. బండి రాత్రి నుంచీ ఇక్కడే ఉంది కాబట్టి చక్రం చల్లగా ఉంది. బయటినుంచి రాగానే కడిగే అలవాటుంటే మానేయండి. కనీసం అరగంట, ఎండాకాలమైతే గంట ఆగి, స్పోకుకి చెయ్యి దగ్గరగా పెట్టి చూసుకుని అప్పుడు మొదలెట్టండి. వేడి చక్రం మీద సబ్బయినా మందయినా నిమిషంలో ఎండిపోయి మరకై కూర్చుంటుంది, కాలుతున్న డిస్కు మీద చన్నీళ్ళు కొట్టడం డిస్కుకీ మంచిది కాదు. ఎండలో వద్దు, నీడలో చేయండి.

మొదట ఉత్త నీళ్ళు. ఇదిగో, మొక్కలకి మందు కొట్టే రెండు లీటర్ల పంపు స్ప్రేయర్. పైపు పెట్టి నీళ్ళు వదిలేయక్కర్లేదు, ట్యాంకర్ల రోజుల్లో అలా చేస్తే మీరే నన్ను సెల్లార్‌లోకి రానివ్వరు. పైనుంచి కిందికి కొట్టి, వదులుగా ఉన్న దుమ్మూ ఇసకా కడిగేయాలి. ఇసక ఉండగానే గుడ్డ పెట్టి రుద్దితే చక్రానికి గరుకు కాగితం పట్టినట్టే.

ఇప్పుడు గ్లౌజులు వేసుకుంటున్నా, కళ్ళజోడు ఎలాగూ ఉంది. ఈ సీసాలోది ఐరన్ రిమూవర్. కార్ల సామాన్లు అమ్మే షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఆ పేరుతోనే అడగండి, సీసా మీద యాసిడ్ లేదనీ, పీహెచ్ న్యూట్రల్ అనీ రాసి ఉండేది తీసుకోండి. చక్రమంతా తడిసేలా కొట్టాను. ముక్కులు మూసుకుంటున్నారు, అర్థమైంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అందుకే లోపల కాకుండా గాలి ఆడే ఈ ర్యాంప్ దగ్గర పెట్టాను. ఇందులో పనిచేసేది థయోగ్లైకోలేట్ అనే రసాయనం. బ్యూటీ పార్లర్లలో జుట్టు రింగులు తిప్పే మందులో, రోమాలు తీసే క్రీముల్లో ఉండేదీ ఇదే జాతి. అది ఇనుముని పట్టుకోగానే రంగు మారుతుంది. ఒక్క నిమిషం ఆగండి, నట్ల చుట్టూ చూస్తూ ఉండండి.

ఇది పనిచేసే లోపు నా తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. అల్లాయ్స్ ఉన్న మొదటి కారు కొన్న కొత్తలో, ఇలాగే గోధుమరంగు చుక్కలు పోవడం లేదని బాత్‌రూమ్ టైల్స్ కడిగే యాసిడ్‌లో నీళ్ళు కలిపి ఒక చక్రం మీద కొట్టాను. రెండు నిమిషాల్లో మెరిసిపోయింది. మా ఆవిడని కిందికి పిలిచి మరీ చూపించుకున్నాను. నెల తిరిగేసరికి అదే చక్రం మీద పాలిపోయిన మచ్చలు, గోటితో గీకితే రంగు పొరలు పొరలుగా లేచొచ్చింది. మిగతా మూడూ బాగున్నాయి, కడగనివి. అల్లాయ్ అంటే అల్యూమినియంలో కాస్త సిలికాన్, కొంచెం మెగ్నీషియం కలిపి పోసింది. దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే సన్నని పారదర్శకమైన పొర. మనం ఎప్పుడు కడిగినా కడిగేది ఆ పొరనే, లోహాన్ని కాదు. ఆ పొరలో ఎక్కడైనా రాయి తగిలి చిన్న బొక్క పడితే యాసిడ్ అందులోంచి కిందికి దిగుతుంది. అల్యూమినియానికి యాసిడ్ పడదు, కాస్టిక్ సోడా కూడా పడదు, రెండిట్లోనూ కరిగిపోతుంది. సత్తు గిన్నెలో చింతపండు పులుసు నిలవ ఉంచొద్దని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పింది, ఆ మాట చక్రానికీ వర్తిస్తుందని నాకు తట్టలేదు! కొన్ని వాష్ షాపుల్లో అల్లాయ్స్ మీద ఏదో చల్లితే క్షణాల్లో తెల్లగా వస్తాయి, సంతోషపడే ముందు ఆ డబ్బాలో ఏముందో అడగండి.

మీలో కొందరికి డైమండ్ కట్ వీల్స్ ఉన్నాయి, ముఖం మీద లోహం గీతలు గీతలుగా మెరుస్తూ ఉంటుంది, సందుల్లో నలుపు. వాటికి మెరిసే చోట రంగు ఉండదు, చెక్కిన లోహం మీద నేరుగా క్లియర్ కోటే. ఫుట్‌పాత్‌కి గీసుకుని ఆ పొర తెగితే తడి లోపలికి పాకి, పొర కిందే తెల్లటి పురుగులు పాకినట్టు గీతలు వస్తాయి. అవి ఏ మందుతోనూ పోవు, కడిగి ప్రయోజనం లేదు, మళ్ళీ చెక్కించి కోట్ వేయించాల్సిందే.

ఇదిగో, ఇప్పుడు చూడండి. నేరేడు పళ్ళు నలిపి పోసినట్టు లేదూ? స్పోకుల మీంచి ఊదారంగు ధారలు కారుతున్నాయి. అదంతా ఇనుమే, మనం చెయ్యి పెట్టకుండానే దిగుతోంది. మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి, సీసా మీద ఎంత రాస్తే అంత, కానీ ఎండనివ్వకూడదు. అందుకే నాలుగు చక్రాలకీ ఒకేసారి కొట్టుకుంటూ పోవద్దు, ఒకటి పూర్తయ్యాకే రెండోది.

రంగు దిగాక బ్రష్. అంగుళం వెడల్పు పెయింటింగ్ బ్రష్ కొత్తది కొనండి, దాని మెడ దగ్గర రేకు ఉంటుంది చూశారా, దానికి ఇలా టేపు చుట్టండి, లేకపోతే గీతలు పడేది ఆ రేకు వల్లే. నట్ల గుంటలు, మధ్యలో లోగో చుట్టూ, గాలి పట్టే వాల్వ్ దగ్గర, అన్నిచోట్లా తిప్పి తిప్పి రుద్దండి, బలం పెట్టక్కర్లేదు. స్పోకుల వెనక్కి చెయ్యి పోదు, అక్కడికి సీసాలు కడిగే పొడుగాటి మెత్తని బ్రష్. వంటింటి పచ్చ స్క్రబ్బర్, స్టీలు పీచు మాత్రం దీని దరిదాపులకి రానివ్వకండి. తర్వాత బాగా నీళ్ళు కొట్టి, బకెట్‌లో కార్ షాంపూ కలుపుకుని మరోసారి గుడ్డతో.

ఈ బకెట్, ఈ గుడ్డ చక్రాలకే. ఇదే గుడ్డని తర్వాత బానెట్ మీద పెట్టారంటే ఇందాక అయస్కాంతం వెంట నడిచిన రజనుతో బానెట్‌ని తోముతున్నట్టు లెక్క. మన కార్లు తుడిచే అన్న ఒకే గుడ్డ వాడతాడని కొందరు కోప్పడుతున్నారు. రెండు గంటల్లో ముప్ఫై కార్లు తుడవాల్సిన మనిషికి మనమెవరమైనా రెండో గుడ్డ ఇచ్చామా? ముదురు రంగుది ఒకటి ఇచ్చి, ఇది చక్రాలకి అని చెప్పండి, అయిపోతుంది.

తారు చుక్కలు మిగిలితే ఐరన్ రిమూవర్ వాటినేం చేయదు. తార్ రిమూవర్ లేకపోతే గుడ్డ మూలకి కొబ్బరినూనె అద్ది ఆ చుక్క మీద పది నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది, తుడిచి షాంపూతో జిడ్డు కడిగేయండి. నూనె డిస్కు మీద ఒక్క చుక్క పడకూడదు. జిడ్డు అంటిన డిస్కుని ప్యాడ్లు పట్టుకోవు, అది అందంతో సరిపోయే విషయం కాదు. టైర్ పాలిష్‌కీ అదే మాట, స్ప్రే కొట్టకుండా స్పాంజితో టైరు పక్కభాగానికే రాయండి, రోడ్డుకి ఆనే భాగానికి వద్దు.

కడిగాక వదిలేస్తే మన బోరు నీళ్ళు ఊరుకోవు. నీరు ఆరిపోయి సున్నం చుక్కలు చుక్కలుగా మిగులుతుంది, నల్ల అల్లాయ్స్ మీదైతే మరీ. మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే ఒత్తి తుడవాలి. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్ళు కారుకి వాడుకుందామని మన గ్రూపులో ఒక సలహా వచ్చింది, నీళ్ళు ఆదా చేయాలన్న ఆలోచన మంచిదే, కానీ అందులో ఉండేది మిషన్ వడగట్టి తోసేసిన ఉప్పులే, బోరు నీళ్ళకన్నా ఎక్కువ మరకలు పడతాయి. నేల కడగడానికి వాడండి.

చక్రం లోపలి వైపు సంగతి. ఊళ్ళో నల్లరేగడి బాటలో తిప్పి వచ్చినవాళ్ళకి అక్కడ మట్టి గడ్డకట్టి ఉంటుంది, ఒక పక్కే బరువై, హైవే ఎక్కగానే స్టీరింగ్ వణుకుతుంది. దానికోసం ఇంట్లో జాకీ ఎక్కించమని నేను చెప్పను, ఈ ర్యాంప్ వాలులో అసలే వద్దు. టైర్లు ముందువి వెనక్కి మార్పించడానికి షాపుకి వెళ్తారు కదా, చక్రాలు ఎలాగూ ఊడదీస్తారు, ఆ పది నిమిషాల్లో ఒక బకెట్, బ్రష్ అడిగి లోపలి వైపు కడిగేయండి. అక్కడ సీసం ముక్కల్లాంటివి అతికించి ఉంటాయి, బ్యాలెన్సింగ్ కోసం పెట్టిన బరువులు, వాటిని మట్టి అనుకుని పీకకండి. మా బావమరిది పీకాడు.

అన్నీ అయ్యాక బండిని అలాగే పార్క్ చేయకుండా కాలనీలో ఒక రౌండ్ వేసి నాలుగైదు సార్లు మెల్లగా బ్రేకు తొక్కండి, డిస్కులు ఆరతాయి. ఆ పని మర్చిపోతే మర్నాటికి డిస్కు మీద నారింజరంగు తుప్పు పొర కనిపిస్తుంది, ఫోటో తీసి సర్వీస్ సెంటర్‌కి పంపి టెన్షన్ పడకండి, రెండు బ్రేకులకి పోతుంది. మామూలుగా పదిహేను రోజులకోసారి షాంపూ నీళ్ళు, ఐరన్ రిమూవర్ ఏడాదికి రెండు మూడు సార్లు, నేను చేసేది ఇంతే. ఓపికుంటే ఆరిన చక్రానికి వ్యాక్స్ పట్టించండి, ఆ తర్వాత కొన్నాళ్ళు పొడి అంత గట్టిగా అతుక్కోదు.

ఇదిగో, ఆరింది, వచ్చి గోరుతో తాకి చూడండి, ఆ గరుకు పోయింది. కుడి పక్క చక్రం కావాలనే కడక్కుండా ఉంచాను. సీసాలో మందుంది, గ్లౌజులు ఇంకో జత ఉన్నాయి. ఎవరొస్తారు? పాత బట్టలు వేసుకున్నవాళ్ళు అయితే మేలు.