స్కాచ్ అనగానే స్కాట్లాండేనా?

అందరికీ నమస్కారం. ఇందాక మీరు కప్పిన శాలువాతో కాస్త పని ఉంది, చివర్లో చెబుతాను. ముందు జేబులోంచి తీసిన ఈ టేపు చుట్ట చూడండి. కొస ఎక్కడుందో గోరుతో గీకి గీకి వెతుక్కుంటామే, అదే. దీని మీద స్కాచ్ అని ఉంది. పుట్టింది మాత్రం అమెరికాలో, మిన్నెసోటాలో.

1920ల్లో అక్కడ కార్లకు రెండు రంగులు వేయించుకోవడం ఫ్యాషన్. ఒక రంగు రెండోదాని మీదికి పాకకుండా కాగితాలు అంటించేవాళ్ళు. అవి పీకితే కొత్త పెయింటూ ఊడొచ్చేది. గరుకు కాగితం చేసే త్రీఎం కంపెనీలో రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు ఈ అవస్థ చూసి, 1925లో మాస్కింగ్ టేపు చేశాడు. మొదట్లో జిగురు అంచులకే పూశారట. అది ఊడిపోతుంటే పెయింటర్‌కి ఒళ్ళు మండి, "పోయి మీ స్కాచ్ బాసులకు చెప్పు, జిగురు ఇంకాస్త పూయమని" అన్నాడని చెప్పుకుంటారు. స్కాట్లాండ్ వాళ్ళు పిసినారులని అప్పట్లో ఎగతాళి. ఆ తిట్టునే బ్రాండు చేసుకున్నారు! మన గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్, స్కాచ్ బ్రైట్, ఆ ఇంటి పిల్లే.

బటర్‌స్కాచ్‌కి పేరు తెచ్చింది ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్. ఇక హాప్‌స్కాచ్ అంటే మన తొక్కుడు బిళ్ళ. అందులో స్కాచ్ అంటే నేల మీద గీసిన గీత, అంతే.

అసలు స్కాట్లాండ్ వాళ్ళు వేరేచోట దాక్కున్నారు. రోడ్డు టెండర్లలో డబ్ల్యూబీఎం అని చూస్తుంటాం కదా. వాటర్ బౌండ్ మెకాడం, అంటే నీళ్ళు చల్లి గట్టిపరిచే కంకర రోడ్డు. చివరి ఎం అంటే మెకాడం. ఎయిర్ పట్టణంలో పుట్టిన జాన్ మెకాడం పేరది. పెద్ద బండరాళ్ళ పునాది దండగ, చిన్న కంకర పరిస్తే బండి చక్రాలే దాన్ని గట్టిపరుస్తాయన్నాడు. 1823లో గ్లాస్గోకి చెందిన మాకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి వానకోటు గుడ్డకు పేటెంటు తీసుకున్నాడు. మొదటి కోట్లు ఎండకు జిగటగా అయ్యి కంపు కొట్టేవట.

ఇప్పుడు శాలువా. ఉన్నిదో పాలిస్టరో అడగను. అంచు చూడండి, మామిడి పిందెలు. ఇంగ్లీషులో దీన్ని పెయిస్లీ అంటారు. అది గ్లాస్గో పక్కనున్న నేత ఊరు. కాశ్మీరు శాలువాల మీద యూరప్ మోజుపడితే, 19వ శతాబ్దంలో అక్కడి నేతగాళ్ళు నకలు నేసి చవగ్గా అమ్మారు. ఎంత అమ్మారంటే, డిజైనుకి ఊరి పేరే ఉండిపోయింది. మన చీరల కొట్లో మాత్రం ఇప్పటికీ, "మామిడి పిందెల అంచు ఉంటే చూపించు బాబూ" అనే అడుగుతారు.