పాత హారర్ కామిక్స్: కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? స్టూడియో చర్చ

(మాట మీద మాట పడిన చోట్ల అలాగే ఉంచాం.)

యాంకర్: నమస్కారం. 1950ల్లో హారర్ కామిక్స్‌కి పేరుపడ్డ అమెరికా ప్రచురణ సంస్థ ఈసీ కామిక్స్. 2024లో ఓనీ ప్రెస్ అనే మరో ప్రచురణ సంస్థ అదే పేరుతో కొత్త హారర్ కథలు వేయడం మొదలుపెట్టింది. దాంతో 1950ల నాటి అసలు ఈసీ పుస్తకాల మీద పాత గొడవ మళ్లీ లేచింది. కొత్తగా వచ్చేవాళ్లు పాత సంచికలే కొనాలా, రీప్రింట్లు చాలా? రీప్రింట్లకి కంప్యూటర్‌తో కొత్త రంగులు వేయడం తప్పా? మనతో ఒక సేకర్త, ఒక సమీక్షకుడు, ఒక చిత్రకారిణి ఉన్నారు. ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాను. ముందు సేకర్తగారు. అసలు సార్, ఇవి పిల్లలు చదవొచ్చా?

సేకర్త: పిల్లల సంగతికి వస్తానండి. కొత్తవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఒక్కటైనా అసలు కాగితం కొనుక్కోండి. ఈసీ ఖరీదు ఎక్కువ, దాని జోలికి వెళ్లొద్దు. చార్ల్‌టన్ అనే మరో ప్రచురణ సంస్థ వాళ్ల 'ఘోస్ట్‌లీ టేల్స్' చూడండి. స్పైడర్‌మ్యాన్ గీసిన స్టీవ్ డిట్కో వాటికి చాలా బొమ్మలు వేశాడు. మామూలు కండిషన్‌లో ఇప్పటికీ అందుబాటు ధరకే...

సమీక్షకుడు: క్షమించాలి, చార్ల్‌టన్‌తో మొదలుపెట్టమంటారా? బొమ్మ సరే, కథ ఏది? కొత్తవాడు మొదట చదవాల్సింది ఈసీ వాళ్ల 'హాంట్ ఆఫ్ ఫియర్'. అదీ రీప్రింట్. అసలు సంచిక కొనడానికి జీతం సరిపోదు.

సేకర్త: నేనూ ఈసీ కొనొద్దనే అన్నాను...

సమీక్షకుడు: అనడం వేరు. అందులో 'పొయెటిక్ జస్టిస్' అని 1952లో వచ్చిన కథ ఉంది. గ్రాహం ఇంగెల్స్ గీశాడు, 'ఘాస్ట్‌లీ' అని సంతకం పెట్టేవాడు. ఒక ముసలి చెత్త ఎత్తేవాడు, ఒంటరి. వీధిలో పిల్లలంటే ప్రాణం. ఎదురుగా ఉండే డబ్బున్న తండ్రీకొడుకులకి అతను అక్కడ ఉండడమే ఇష్టం లేదు. ప్రేమికుల రోజున వీధిలోవాళ్లు రాసినట్టు అతనికి తిట్లతో కార్డులు పంపుతారు. ఒక్కో కార్డూ విప్పుతుంటే ఆ మొహం ఎలా జారిపోతుందో చూడండి. ఉరేసుకుంటాడు. మరుసటి ఏడాది అదే రోజున సమాధిలోంచి లేచొస్తాడు. ఆ రోజు వాళ్లింటికి చేరే కానుక ఏమిటో నేను చెప్పను. అది చదివినవాడికి ఇంక నేను ఏ సిఫార్సూ చేయక్కర్లేదు.

యాంకర్: ఇది పిల్లలు చదివితే రాత్రి నిద్రపోతారా సార్?

చిత్రకారిణి: నేనొక మాట...

సమీక్షకుడు: నిద్ర సంగతి కాదు. ఆ కథలో తప్పు చేసింది ఎవరు? డబ్బున్నవాడు. శవం వైపు నిలబడి కథ చెప్పారండీ! ఆ ధైర్యం అప్పటి పెద్ద పత్రికల్లో ఎక్కడుంది?

యాంకర్: అయినా అమెరికా సెనేట్ దాకా వెళ్లిందిగా ఈ కామిక్స్ వ్యవహారం. మన ప్రేక్షకులకి చెప్పండి.

సేకర్త: 1954 ఏప్రిల్ 21, న్యూయార్క్. సెనేట్ ఉపసంఘం ముందు ఈసీ ప్రచురణకర్త విలియం గేన్స్ సాక్ష్యం చెప్పాడు. 'క్రైమ్ సస్పెన్ స్టోరీస్' 22వ సంచిక అట్ట చూపించి, గొడ్డలి, తెగిన ఆడమనిషి తల ఉన్న ఈ బొమ్మ మంచి అభిరుచేనా అని సెనేటర్ కెఫావర్ అడిగాడు. హారర్ కామిక్ అట్టకి మంచి అభిరుచే అన్నాడు గేన్స్. అది జానీ క్రెయిగ్ వేసిన అట్ట. ఆ సంచిక ఇవాళ దొరకాలంటే...

సమీక్షకుడు: ధర వద్దు సార్, ప్రతిదానికీ ధరేనా! ఆ ఏడాదే ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు, కామిక్స్ పిల్లల్ని నేరస్థులుగా మారుస్తున్నాయని పుస్తకం రాశాడు. 2012లో కరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు ఆయన కాగితాలు తిరగేసింది. పిల్లల మాటలు మార్చాడు, కలిపాడు, తనకి కావలసినవే వాడుకున్నాడు అని చూపించింది. ఈయన వల్ల ఒక తరం చిత్రకారుల బతుకులు...

యాంకర్: అంటే పిల్లల మీద ప్రభావం లేదంటారా?

సమీక్షకుడు: వెర్థమ్ చెప్పిన రుజువు లేదంటున్నాను.

చిత్రకారిణి: ప్రభావం ఉంటుందండి. ఈసీ కథ 'ఫౌల్ ప్లే'లో జాక్ డేవిస్ గీసిన చివరి బొమ్మ ఉంది. బేస్‌బాల్ ఆటగాళ్లు చచ్చినవాడి అవయవాలతో మైదానంలో ఆడతారు. ఎనిమిదేళ్ల పిల్లకి నేనైతే ఇవ్వను. అలా ఒప్పుకున్నంత మాత్రాన ఆ పుస్తకాన్ని నిషేధించాలని కాదు.

యాంకర్: మంచి మాట. 1947లో మన చందమామ మొదలైంది. అదే ఏడాది అమెరికాలో ఏవన్ వాళ్ల 'ఈరీ' వచ్చింది, తొలి హారర్ కామిక్ అంటారు దాన్ని. మనవాళ్లు బేతాళ కథల్ని పిల్లల చేతికే ఇచ్చారు కదా?

చిత్రకారిణి: శంకర్‌గారి బొమ్మ చూడండి. విక్రమార్కుడి భుజం మీద శవం, చేతిలో కత్తి, వెనక చెట్టు. నెత్తురు లేదు. రాజు మొహంలో భయం కూడా లేదు. అక్కడ చూసేవాడికి కావలసింది బేతాళుడి ప్రశ్న. ఇంగెల్స్ అలా కాదు. ఆయన వేళ్లు, నోట్లోంచి జారే లాలాజలం, కుళ్లిన చర్మం కళ్లముందుకు తెస్తాడు. రెండిటికీ పోలిక పెట్టడం...

సమీక్షకుడు: చందమామ కామిక్ కాదు. బొమ్మలున్న కథల పత్రిక. ఇక్కడ మనం మాట్లాడుతున్నది...

యాంకర్: కానీ పిల్లలు...

సమీక్షకుడు: ...పిల్లల పేరు చెప్పి ఏం చేశారో వినండి! 1954లోనే చాలామంది ప్రచురణకర్తలు కలిసి కామిక్స్ కోడ్ అని తమకి తామే నియమాలు పెట్టుకున్నారు. పేరులో హారర్, టెర్రర్ అన్న మాటలు ఉండకూడదు. పిశాచాలు, తోడేలు మనుషులు ఉండకూడదు. ఈసీ హారర్ పత్రికలు మూతపడ్డాయి. గేన్స్ 'జడ్జిమెంట్ డే' అనే సైన్స్ ఫిక్షన్ కథ తిరిగి వేయబోతే, చివర్లో హెల్మెట్ తీసిన వ్యోమగామి నల్లజాతి మనిషి అని కోడ్ వాళ్లు అడ్డుపడ్డారు. పిల్లల రక్షణ అంటే ఇదా?

యాంకర్: అది హారర్ కాదు కదా సార్.

సమీక్షకుడు: హారర్‌కంటే భయంకరం.

సేకర్త: కొత్తవాళ్లకి పనికొచ్చే ఒక విషయం చెప్పనివ్వండి. ఈసీ వాళ్ల 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' 1వ నంబరు అని ఎవరైనా అమ్మితే, 1950ల నాటిదనుకుని కొనకండి. ఆ పత్రిక అంతకుముందు వచ్చిన 'క్రైమ్ పెట్రోల్' అనే పత్రిక నంబర్లనే కొనసాగించింది. మొదట 'క్రిప్ట్ ఆఫ్ టెర్రర్' పేరుతో 17వ నంబరుగా వచ్చింది, 20 నుంచి 'టేల్స్' అయింది. 'వాల్ట్ ఆఫ్ హారర్' కూడా 12తో మొదలైంది. 1వ నంబరు వేసుకున్నవి 1990ల రీప్రింట్లు. లోపల చిన్న అక్షరాల్లో ముద్రించిన వివరాలు చదవండి. అసలు సంచిక ధర పది సెంట్లు. ఇంకోటి, మన విశాఖ, కాకినాడ గాలిలో తేమకి పిన్ను తుప్పు పడుతుంది. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవరు, ఆమ్లం లేని అట్ట ముక్క, వెలుతురు తగలని చోటు...

సమీక్షకుడు: చూశారా, పుస్తకం గురించి మాట్లాడమంటే పిన్ను గురించి! పుస్తకం కండిషన్‌కి రేటింగు ఇచ్చే గ్రేడింగ్ కంపెనీ ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన పుస్తకం చదవలేం. దానికి రేటింగు ఇచ్చారు, కథకి కాదు. కొనుక్కున్నవాడు లోపలి పేజీ ఒక్కటీ చూడడు.

సేకర్త: ఆ పెట్టె ఎందుకంటే, రంగు పూసి బాగుచేసిన పుస్తకాన్ని అసలుదిగా అమ్మే మోసం ఉంది. సీజీసీ అనే గ్రేడింగ్ కంపెనీ వాళ్లు అలాంటివాటికి ఊదా రంగు లేబుల్ పెడతారు. కొత్తవాడికి అది రక్ష...

సమీక్షకుడు: రక్ష కాదు, వ్యాపారం. 'హౌస్ ఆఫ్ సీక్రెట్స్' 92, 1971, స్వాంప్ థింగ్ అనే రాక్షస పాత్ర మొదటిసారి వచ్చిన సంచిక. దాని ప్రచురణకర్తలు డీసీ వాళ్ల ఫ్యాక్సిమిలీ ఎడిషన్ ఉంది, అంటే పాత ప్రకటనలతో సహా అచ్చు నకలు. తక్కువ డబ్బుకి అదే అనుభవం.

చిత్రకారిణి: అదే అనుభవం కాదండి. రంగు గురించి పిలిచారు నన్ను, ఇప్పటిదాకా చెప్పనివ్వలేదు. ఈసీలో మేరీ సెవెరిన్ రంగులు వేసేది. చవక కాగితం మీద చుక్కల అచ్చుకి తగ్గట్టుగా రంగు ఎంచుకునేది. మరీ క్రూరమైన బొమ్మని ఒక్కోసారి మొత్తం ఒకే ముదురు రంగుతో నింపేసేది. అది కథ చెప్పే పద్ధతిలో భాగం. 2006 నుంచి వచ్చిన ఈసీ ఆర్కైవ్స్‌లో, తర్వాత డార్క్ హార్స్ కొనసాగించిన వాటిలో, కంప్యూటర్ మెరుపులు, నీడలు పెట్టారు. ఇంగెల్స్ గీతల మీద ఆ నీడలు వేయకూడదు. నా సిఫార్సు ఫాంటాగ్రాఫిక్స్ నలుపు తెలుపు సంపుటాలు. గీత మాత్రమే...

సమీక్షకుడు: ఒప్పుకుంటాను, కానీ దొరికినది చదవాలి కదా! కొత్త రంగున్నా సరే...

చిత్రకారిణి: ఒప్పుకున్నారా, లేదా?

సమీక్షకుడు: ఒప్పుకుంటూనే చెప్తున్నాను.

యాంకర్: నలుపు తెలుపు అంటే పిల్లలకి భయం తక్కువ ఉంటుందా మేడమ్?

చిత్రకారిణి: ఎక్కువ ఉంటుందండి. 1964లో వారెన్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు 'క్రీపీ' పెట్టారు. పెద్ద సైజు పత్రిక కాబట్టి కోడ్ కిందికి రాలేదు. అక్కడ డిట్కో సిరాని నీళ్లతో పలచన చేసి వేసిన బూడిద నీడలు చూస్తే...

సేకర్త: వారెన్ పాత సంచికలు ఈసీ కంటే చాలా చవక, నేను మొదటి నుంచీ అంటున్నది అదే...

సమీక్షకుడు: మీరు మొదటి నుంచీ చార్ల్‌టన్ అన్నారు! 'క్రీపీ' అయినా డార్క్ హార్స్ సంపుటాల్లో చదవండి. 1971లో కోడ్ సడలించాక మార్వెల్ 'టూంబ్ ఆఫ్ డ్రాక్యులా' తెచ్చింది. జీన్ కోలన్ బొమ్మలు, మార్వ్ వుల్ఫ్‌మన్ కథలు. అందరూ రక్తపిశాచుల్ని వేటాడే బ్లేడ్ అనే పాత్ర మొదట కనిపించిన పదో నంబరు వెంట పడతారు. మిగతావి చదవరా? ఒకే కథని అన్నేళ్లు సాగదీసి...

యాంకర్: టైమ్ అయిపోయింది. సేకర్తగారు, ఒక్క ముక్కలో?

సేకర్త: చవకదైనా ఒక్క పాత సంచిక కొనండి, కాగితం వాసన...

సమీక్షకుడు: వాసనతో కథ అర్థం కాదు! రీప్రింట్ కొనండి, 'హాంట్ ఆఫ్ ఫియర్' నుంచి.

యాంకర్: మేడమ్, మీకు ఇస్తానన్న రెండు నిమిషాలు ఈసారి ఇవ్వలేకపోతున్నాను. మొత్తానికి రీప్రింట్ వైపే మొగ్గు కనిపిస్తోంది...

చిత్రకారిణి: ఏ రీప్రింట్ అని తేల్చలేదు మనం. రంగుదా, నలుపు తెలుపుదా?

సేకర్త: నేను మొగ్గలేదండీ!

సమీక్షకుడు: 'క్రీపీ' 63, 1974, బెర్నీ రైట్సన్ గీసిన 'జెనిఫర్' ఉంది, దాని గురించి చెప్పనేలేదు, ఆ ఆడపిల్ల మొహం...

యాంకర్: చిన్న బ్రేక్.