రికార్డుకెక్కని నిమిషాలు

యాంకర్: సార్, హైకోర్టులో కూర్చుని కింది కోర్టు విచారణ చదువుతుంటే అక్కడ ఏం జరిగిందో కళ్లకు కట్టేదా?

విశ్రాంత న్యాయమూర్తి: లేదమ్మా. నా బల్ల మీదకి వచ్చేది పేపర్ బుక్, అంటే కింది కోర్టు రికార్డును కలిపి కుట్టిన పుస్తకం. మూడో సాక్షి ‘నాకు తెలియదు’ అన్నాడని అందులో ఉంటుంది. తల దించుకుని అన్నాడా, ముద్దాయి వైపు ఓసారి చూసి అన్నాడా, ఎవరు చెప్తారు? పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 280 సెక్షన్ ఉన్నది ఇందుకే. సాక్షి వాలకంలో ముఖ్యమనిపించింది జడ్జి రాసిపెట్టాలి. అలా రాసినవి నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

న్యాయవాది: రాసే తీరిక ఎక్కడుంది సార్? పొద్దున్నుంచీ వాయిదాలే. పైగా సాక్షి తెలుగులో చెబుతాడు, చాలా కోర్టుల్లో డిపోజిషన్, అంటే అతని వాంగ్మూలం, ఇంగ్లిషులో టైపవుతుంది. నా కేసులో ఒకాయన ‘మసక చీకటి, అతనిలాగే అనిపించాడు’ అన్నాడు. ‘అతన్ని చూశాను’ అని ఎక్కింది! అక్కడే లేచి దిద్దించాను కాబట్టి సరిపోయింది. లేకపోతే అప్పీల్లో మీరు చదివేది అదే.

విశ్రాంత న్యాయమూర్తి: అవును, అదే చదివేవాణ్ని. పైగా ‘సాక్షిని కళ్లారా చూసింది ట్రయల్ జడ్జి’ అని తీర్పులో ఓ వాక్యం కూడా రాసేవాణ్ని. (నవ్వు) కింది కోర్టు నిర్దోషి అని వదిలేస్తే మరీ జాగ్రత్త. సాక్ష్యం రెండు రకాలుగా అర్థం చేసుకునే వీలుంటే ఆ విడుదలను కదపొద్దని 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

యాంకర్: మరి విలేకరుల సంగతి?

లీగల్ రిపోర్టర్: మాకు పేపర్ బుక్ దాకా ఓపిక ఉండదు మేడమ్. బెంచ్ నోట ఘాటు మాట రాగానే ఫోన్ తీస్తాం. 2021లో కరోనా వేళ ప్రచార సభలను ఆపనందుకు ఎన్నికల కమిషన్ అధికారులపై హత్య కేసు పెట్టాలేమో అని మద్రాసు హైకోర్టు అంది. ఉత్తర్వులో ఆ మాటే లేదు. అయినా అందరం రాశాం. నోటి మాటల్ని రిపోర్టు చేయకుండా ఆపాలని కమిషన్ కోరితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

న్యాయవాది: ఆ మాట పరుషంగా ఉందని కూడా అదే తీర్పులో అంది. అది చెప్పరేం?

లీగల్ రిపోర్టర్: అదీ నిజమే. అసలు ఇప్పుడు కోర్టుకే వెళ్లడం తగ్గింది సార్. 2022 సెప్టెంబర్ 27 నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వాదనలు లైవ్‌లో వస్తున్నాయి. ఆఫీసులో టీ తాగుతూ రాసేస్తున్నాం. సాక్షులు వచ్చి చెప్పే సెషన్స్ కోర్టుకి మాత్రం ఎవరూ పోవడం లేదు.

విశ్రాంత న్యాయమూర్తి: నువ్వు చివరిసారి ఎప్పుడు వెళ్లావు బాబూ?

లీగల్ రిపోర్టర్: పోయినేడు. పేరున్న ముద్దాయిని తెస్తున్నారంటే వెళ్లా. బయటే ఫొటో తీసుకుని వచ్చేశా.

న్యాయవాది: ఆ రోజు సాక్షి వచ్చాడా?

లీగల్ రిపోర్టర్: ...అడగలేదు సార్.