యాత్రికుల పక్కన పడుకున్నవారు

సభకు నమస్కారం.

రాత్రి పదకొండు దాటాక తిరుపతి రైల్వే స్టేషను నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు నడిస్తే ఆరుబయట పడుకున్న మనుషులు వరుసగా కనిపిస్తారు. వారిలో ఎక్కువమంది తెల్లవారితే కొండెక్కే యాత్రికులే. అదే వరుసలో, అలాంటి దుప్పటే కప్పుకొని, తెల్లవారినా వెళ్ళడానికి చోటులేనివారు కూడా ఉంటారు: హోటళ్ళలో గిన్నెలు తోమేవారు, బస్టాండు దగ్గర మూటలు మోసేవారు, అయినవాళ్ళు వదిలేసి వెళ్ళిన ముసలివారు. మన ఊళ్ళో ఇల్లులేని మనిషి యాత్రికుల మధ్య కలిసిపోతున్నాడు, అందుకే ప్రభుత్వ లెక్కకు సరిగా అందడం లేదు. లెక్కకు అందనివారికి వసతి ఎన్నడూ చాలదు కాబట్టి నేను ముందుగా లెక్క గురించే మాట్లాడతాను.

2011 జనగణనలో నిరాశ్రయులను ఫిబ్రవరి 28న, ఒక్క రాత్రిలో లెక్కించారు. రోడ్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో బతికేవారిని ఇల్లులేనివారిగా నమోదు చేయాలన్నది నియమం. దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మంది తేలారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షల మంది. మండపాలూ ప్లాట్‌ఫారాలూ యాత్రికులతో నిండిపోయే ఊళ్ళో, నిద్రపోతున్నవారిని చూసి ఎవరు ఎవరో తేల్చడం ఎంత కష్టమో ఇక్కడివారికి నేను వివరించనక్కరలేదు.

2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద, మన రాష్ట్రంలో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ద్వారా అమలైన పథకం, లక్ష పట్టణ జనాభాకు ఒకటి చొప్పున, కనీసం వందమందికి సరిపడేలా, ఇరవైనాలుగు గంటలూ, అన్ని కాలాల్లోనూ తెరిచి ఉండే శాశ్వత వసతి గృహం ఉండాలని నిర్దేశించింది. మంచి నియమమే. కానీ 2011లో తిరుపతి కార్పొరేషన్ జనాభా 2.87 లక్షలు. ఆ లెక్కన చూస్తే సుమారు మూడువందల మందికి చోటు సరిపోతుంది. రోజూ అరవై, డెబ్బై వేల మంది దర్శనానికి వచ్చే చోట, వారిని నమ్ముకుని బతకడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే కూలీలు, రుయా, స్విమ్స్‌లలో రోగులకు తోడుగా వచ్చి ఆసుపత్రి ఆవరణలోనే రోజులు గడిపే బంధువులు ఆ మూడువందలలో ఎక్కడ ఇముడుతారు? తీర్థస్థలాలకు జనాభా కొలబద్ద ఒక్కటే చాలదని నా నిశ్చితాభిప్రాయం.

ఇంకొక సంగతి. రాత్రి ఆశ్రయాల మీద సుప్రీంకోర్టు గట్టిగా జోక్యం చేసుకున్నది 2010 జనవరిలో, ఢిల్లీ చలిలో ఒక ఆశ్రయాన్ని కూల్చివేసిన తర్వాత. అందుకే కాబోలు, అత్యవసర వసతి అనగానే అధికారులకు చలికాలం గుర్తుకొస్తుంది. మన దగ్గర ప్రాణాలకు ముప్పు నవంబరు వానలతోనూ, మే నెల ఎండలతోనూ వస్తుంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఏరులైన సంగతి మీరంతా చూశారు. అలాంటప్పుడు బడులను పునరావాస కేంద్రాలుగా మారుస్తాం. నీళ్ళు తీశాక ఇల్లున్నవారు ఇళ్ళకు వెళ్తారు, బడి మళ్ళీ తెరుచుకుంటుంది, ఇల్లులేనివారు బురద ఆరని అదే రోడ్డు పక్కకు చేరుకుంటారు.

వసతి గృహం ఎక్కడ కట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. స్థలం దొరికింది కదా అని ఊరి చివర కడితే, తెల్లవారుజామున నాలుగింటికి హోటల్లో పొయ్యి వెలిగించాల్సిన మనిషి అక్కడ పడుకోడు. స్టేషనుకో, బస్టాండుకో, రుయాకో నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి. ఆధార్ లేదని గుమ్మం దగ్గరే వెనక్కి పంపకూడదు. ఆధార్, రేషన్ కార్డు, పింఛను ఇప్పించడంలో తోడ్పడడం ఆ గృహం చేయవలసిన పని. యాత్రికుల వసతికి గుర్తింపు కార్డు అడగడంలో తప్పులేదు, కానీ చిరునామాయే లేని మనిషికి ఆ వసతి గృహమే చిరునామా కావాలి.

రాబోయే జనగణన 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుగుతోంది. తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఆ లెక్కకు వెళ్ళే సిబ్బంది వెంట రైల్వే పోర్టర్లను, పారిశుధ్య కార్మికులను, ఆసుపత్రి వాచ్‌మన్లను పంపించమని కార్పొరేషన్లను కోరుతున్నాను. రోజూ అక్కడే పడుకునేవారెవరో వారికి తెలుసు. వీలైతే అంతకుముందే ఒకటి రెండు రాత్రులు తిరిగి, మేలుకొని ఉన్నవారిని మర్యాదగా ఒక్క మాట అడగండి: "అమ్మా, రేపు రాత్రి ఎక్కడ పడుకుంటారు?"